నానమ్మ గారి వేణుగోపాలుడు: పీఠానికి రంధ్రాలు ఎందుకు? మెరుగు పెట్టించవచ్చా?

వాల్తేరు_టీచరమ్మ:

అందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మా నానమ్మ పోయాక బొబ్బిలి దగ్గర ఊళ్లోని పాత ఇల్లు అమ్మేశారు. పూజగదిలోని వేణుగోపాలస్వామి మా వాటాకు వచ్చాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ ఇంట్లో ఆయనకు రోజూ నైవేద్యం పెట్టేవారు, జన్మాష్టమికి పట్టుబట్ట కట్టేవారు. అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

వివరాలు రాస్తున్నాను. పీఠంతో కలిపి సుమారు పద్నాలుగు అంగుళాల ఎత్తు. బరువు ఏడు కిలోల పైనే. ముదురు గోధుమ రంగు, మడతల్లో నలుపు. ముక్కు, పెదవులు, ఛాతీ మీది హారాలు అరిగి నునుపెక్కాయి. వీపు వైపు మాత్రం జడ అల్లిక, మొలనూలు ముడి ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. చేతుల్లో పిల్లనగ్రోవి లేదు, వేళ్లు మాత్రం దేన్నో పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. పీఠానికి రెండు పక్కలా చెవుల్లాంటివి పొడుచుకు వచ్చి, వాటికి రంధ్రాలు ఉన్నాయి. ఒకటి విరిగింది. పీఠం వెనుక రెండు నిలువు గాడులు కూడా ఉన్నాయి. మా ఫ్లాటు సముద్రానికి దగ్గర. ఇక్కడికి తెచ్చాక పాదాల దగ్గర లేత ఆకుపచ్చ పొడి రాలడం మొదలైంది.

మా బావ గారు ఫొటోలు ఎవరికో చూపించారు. ఒకాయన "ఇది చోళుల పంచలోహ విగ్రహం, ఇందులో బంగారం ఉంది, గీటురాయి మీద చూద్దాం" అన్నారట. ఇంకొకాయన యంత్రం మీద మెరుగు పెట్టి బంగారు పూత వేసిస్తానన్నారు. హైదరాబాదు నుంచి కొనేవాళ్లు వస్తారని కూడా అంటున్నారు. నాకు అమ్మే ఉద్దేశం లేదు. రంధ్రాలు ఎందుకు ఉన్నాయి, ఆ పొడి ఏమిటి, మెరుగు పెట్టించవచ్చా, ఈ మూడూ తెలిసినవారు చెప్పండి.

పూర్ణామార్కెట్_వాసి:

ఇంత ఆలోచన ఎందుకండీ, చింతపండు, ఉప్పు కలిపి రుద్దితే పది నిమిషాల్లో తళతళలాడుతుంది. మా ఇంట్లో దీపం కుందులకు పండగ ముందు అదే చేస్తాం. రంధ్రాలు దండ వేలాడదీయడానికి అయి ఉంటాయి.

పోతశాల_విశ్రాంతి:

అమ్మా, పై సలహా పాటించవద్దు. కుందులకు అది సరే, ఈ విగ్రహానికి ఆ ఉప్పే శత్రువు. కారణం తరువాత చెబుతాను.

నేను ఇక్కడి ఉక్కు కర్మాగారంలో పోతపని చేసి రిటైరైన మనిషిని. శిల్పశాస్త్రం చదవలేదు. కానీ లోహం ఎక్కడి నుంచి లోపలికి పోశారో, ఎక్కడ గాలి చిక్కిందో, ఎక్కడ ఉలి తగిలిందో వెతికి చూడనిదే నాకు నిద్ర పట్టదు. ఏ మ్యూజియానికి వెళ్లినా జనం స్వామి ముఖం చూస్తే నేను పీఠం అడుగు చూస్తాను.

మీ రంధ్రాల సంగతి. అవి దండకు కాదు. గర్భగుడిలో రాతి మూలవిరాట్టు కదలడు. వీధిలోకి వచ్చేది లోహంతో చేసిన ఉత్సవమూర్తి. ఆయన్ను పల్లకి మీదో గరుడ వాహనం మీదో నిలబెట్టి, ఆ చెవుల్లోంచి కడ్డీలో తాళ్లో దూర్చి బిగిస్తారు. మోసేవాళ్లు అడుగు తడబడినా, రథం గుంతలో పడి ఊగినా స్వామి ఒరగకూడదు కదా. వెనుక గాడులు ప్రభావళి (స్వామి వెనుక నిలిపే తోరణం) కాళ్లు దిగేందుకు. పూజగదిలో కూర్చునే విగ్రహానికి సాధారణంగా ఇంత ఏర్పాటు అక్కర్లేదు. విరిగిన చెవి వాడకంలో విరిగిందనే నా అనుమానం. పక్క నుంచి బలంగా లాగితే ముందు విరిగేది ఆ మూలే. మీ వేణుగోపాలుడు ఎప్పుడో ఒకప్పుడు ఊరేగినవాడే అనిపిస్తోంది.

ముఖం అరిగింది, వీపు పదునుగా ఉంది అని రాశారే, మీరు ఇచ్చిన వివరాలన్నిటిలో విలువైనది అదే. పాలు, పెరుగు, తేనె, చందనంతో అభిషేకం చేసి, తుడిచి, బట్ట కట్టేవారి చెయ్యి ఎక్కువగా తగిలేది ముందు వైపే. తరాల తరబడి అలా తగిలితే ముక్కు మొన కరిగిపోతుంది. భూమిలో శతాబ్దాలు పడి ఉన్న విగ్రహం ఇలా ఉండదు. దానికి ఒళ్లంతా గరుకుగా పచ్చటి చిలుము పడుతుంది, ముక్కూ కళ్లూ మాత్రం చెక్కినప్పటి పదునుతోనే దొరుకుతాయి. కాబట్టి మీది ఎక్కువ కాలం మనుషుల చేతుల్లోనే ఉంది. మెరుగు యంత్రం మీద పెడితే ఈ కథంతా అరగంటలో పోతుంది. ఉలితో గీసిన సన్నని గీత లోతు వెంట్రుకంత కూడా ఉండదు, యంత్రం అంతకు మించి గీకేస్తుంది.

ఇక పోత గురించి చెప్పక ఉండలేను. విసుగొస్తే ఈ భాగం వదిలేయండి.

తేనెమైనంలో గుగ్గిలం, కొంచెం నూనె కలిపి కరిగిస్తారు. ఎండాకాలమైతే గుగ్గిలం కొద్దిగా ఎక్కువ, లేకపోతే మైనం మెత్తబడి వేళ్లు వంగిపోతాయి. చేతులు, కిరీటం, పీఠం విడివిడిగా చేసి అతికి పూర్తి రూపం తెస్తారు. దాని మీద ముందు చాలా మెత్తని ఒండ్రుమట్టి పలచగా పూస్తారు. తమిళనాడులోని స్వామిమలై స్థపతులు (విగ్రహాలు పోసే శిల్పులు) ఇప్పటికీ కావేరి ఒండ్రునే వాడతారు. వేలిముద్ర పడినా లోహంలో దిగేంత మెత్తన అది. ఆరాక గరుకు మట్టి పొరలు, ఆపైన ఇనుప తీగ కట్టు. నీడలోనే ఆరాలి. తరువాత వేడి చేస్తే మైనం కరిగి కారిపోతుంది, లోపల ఖాళీ మిగులుతుంది. మట్టి అచ్చును నేలలో పాతి, అది వేడిగా ఉండగానే కరిగిన లోహం ఆగకుండా పోయాలి. మధ్యలో చెయ్యి ఆగిందా, అక్కడ మడత పడుతుంది, మళ్లీ మొదటికే. చల్లారాక అచ్చు పగలగొడతారు కాబట్టి ఆ అచ్చులో రెండో విగ్రహం రాదు.

ఎంత లోహం కావాలో ముందే ఎలా తెలుస్తుంది? మైనాన్ని తూస్తారు. మైనం నీటికంటే కొంచెం తేలిక, కంచు నీటికంటే తొమ్మిది రెట్లకు దగ్గరగా బరువు. అంటే కిలో మైనానికి తొమ్మిది కిలోలు, పైన కాలువల్లో నిలిచిపోయేదానికి మరికొంత. పశ్చిమ చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడి పేరుతో ఉన్న 12వ శతాబ్దపు మానసోల్లాసం అనే గ్రంథంలో ఈ మైనపు తూకం లెక్క ఉంది. రాగికి ఒక లెక్క, వెండికి ఒక లెక్క, బంగారానికి ఒక లెక్క. మా పోతశాలలో చెక్క నమూనా చూసి ఇనుము బరువు కట్టే లెక్క కూడా ఇదే కుటుంబం. ఆ విషయం తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు.

దక్షిణాదిలో ఉత్సవమూర్తులను ఎక్కువగా ఘనంగానే పోశారు, లోపల డొల్ల ఉండదు. మీ ఏడు కిలోలు దానికి సరిపోతుంది.

బంగారం సంగతి. పంచలోహం అంటే రాగి, వెండి, బంగారం, తగరం, సీసం అని కొందరు, వాటిలో కొన్నిటి బదులు ఇత్తడి, ఇనుము అని మరికొందరు చెబుతారు. పరీక్షించిన చోళుల కాలపు విగ్రహాల్లో ప్రధానంగా ఉన్నది రాగి, దానిలో కొంత తగరం, కొంత సీసం. బంగారం, వెండి ఉన్నా నామమాత్రం. సీసం ఎందుకంటే లోహం పలచబడి వేలి కొసల దాకా పారుతుంది. బంగారం దాత చేతి నుంచి శాస్త్రానికి ఒక రవ్వ పడి ఉండవచ్చు, కానీ కరిగించి తీసేంత ఉండదు. గీటురాయి వాడిని గుమ్మం దాటి రానివ్వకండి. అతని వెనకే బియ్యం గింజలు పట్టుకుని రైస్ పుల్లింగ్ ముఠా (బియ్యాన్ని లాగే మహిమ గల లోహమని నమ్మించి మోసం చేసేవాళ్లు) దిగుతుంది. మన జిల్లాల్లో ఆ పిచ్చితో ఎన్ని రాగి చెంబులు, ఎంత డబ్బు పోయాయో పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

చోళులా? ఫొటో కూడా చూడకుండా నేను కాలం చెప్పను. అయితే అమ్మేవాడి నోట ప్రతి విగ్రహమూ చోళులదే. మన ప్రాంతంలో తూర్పు గాంగులు, గజపతులు, విజయనగర సామ్రాజ్యం వారు, తరువాత జమీందారులు అందరూ గుళ్లకు విగ్రహాలు చేయించారు. జమీందారుల నాటిదైతే మాత్రం తక్కువా?

ఆకుపచ్చ పొడి: ఇది తొందరగా చూడవలసిన విషయం. ముదురు రంగులో గట్టిగా అంటుకున్న చిలుము లోహాన్ని కాపాడుతుంది, దాన్ని ముట్టుకోవద్దు. లేత ఆకుపచ్చగా పొడిలా రాలేది వేరు. లోహంలో దిగిన ఉప్పు (క్లోరైడు), గాలిలోని తేమ కలిసి లోపల రాగిని తింటూ పోతాయి. సముద్రపు గాలి వచ్చే ఫ్లాటు, పైగా చింతపండు, ఉప్పు! ప్రస్తుతానికి నీటి అభిషేకం ఆపండి. మెత్తటి పొడి బ్రష్షుతో దులిపి, కిటికీకి దూరంగా, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూత ఉన్న పెట్టెలో ఉంచండి. ఒట్టి చేతులతో పట్టుకోవద్దు, చెమటలోనూ ఉప్పే. తరువాత మ్యూజియాల్లో లోహ పరిరక్షణ చేసేవారికే చూపించాలి.

కొండకింద_అర్చకుడు:

అమ్మా, శుభమస్తు. పెద్దాయన పోత గురించి చెప్పింది బాగుంది. కానీ అభిషేకం ఆపి పెట్టెలో పెట్టమనడం ఒక్క మాటలో అయ్యేది కాదు. నిత్యం ఆరాధన అందుకున్న మూర్తి. ముందు ఆగమం తెలిసిన అర్చకులను పిలిచి కళాకర్షణ చేయించండి. మూర్తిలోని శక్తిని కలశంలోకి ఆవాహన చేస్తారు. అప్పుడు మరమ్మతు చేసేవారు ముట్టుకున్నా దోషం ఉండదు. పని అయ్యాక తిరిగి ప్రతిష్ఠ. గుళ్లలో జీర్ణోద్ధారణకు మేము చేసేది ఇదే. అంతవరకు నైవేద్యం, దీపం కలశానికి జరగనివ్వండి.

ఉత్సవమూర్తి గురించి ఒక మాట. సింహాచలంలో మూలమూర్తి ఏడాదంతా చందనంలో ఉంటాడు. నిజరూపం అక్షయ తృతీయ నాడే. మిగతా రోజుల్లో కల్యాణానికీ ఊరేగింపుకీ మనకు ఎదురయ్యేది ఉత్సవమూర్తి గోవిందరాజస్వామి. జనం చేయెత్తి మొక్కే రూపం, మోసేవాడి భుజం కాయ కట్టే బరువు ఆయనదే.

తిరుమలలో పూర్వం ఊరేగిన మూర్తి ఉగ్ర శ్రీనివాసుడు. ఒక బ్రహ్మోత్సవంలో అగ్నిప్రమాదం జరిగి, స్వామి ఒక భక్తుడి నోట పలికి, ఇక తనను ఊరేగించవద్దని, కొండల్లో వెతికితే కొత్త మూర్తి దొరుకుతుందని చెప్పాడని ఐతిహ్యం. అలా దొరికినవారే మలయప్పస్వామి. ఆ మూర్తి ప్రస్తావన 14వ శతాబ్దపు శాసనంలో కనిపిస్తుంది. ఉగ్ర శ్రీనివాసుడు ఇప్పుడు ఏడాదికి ఒక్కసారి, కైశిక ద్వాదశి నాడు, సూర్యోదయానికి ముందే మాడవీధుల్లోకి వచ్చి లోపలికి వెళ్లిపోతారు. రిటైరైన మూర్తికీ ఒక రోజు ఉంది.

కష్టకాలంలో మూర్తులు ఇల్లు వదలడమూ కొత్త కాదు. 1323లో ఢిల్లీ సైన్యం శ్రీరంగం మీద పడినప్పుడు ఉత్సవ రంగనాథుణ్ని భక్తులు తీసుకుని ఊరూరా దాచుకుంటూ తిరిగారు. కొంతకాలం తిరుమలలో ఉన్నాడు. అక్కడి రంగనాయకుల మండపం పేరు అందుకే. విజయనగర సేనాని గోపణార్యుడు 1371లో తిరిగి శ్రీరంగం చేర్చాడు. దాదాపు అర్ధ శతాబ్దం ప్రవాసం. కాబట్టి మీ ఇంట్లో స్వామి ఎందుకు ఉన్నాడని సిగ్గుపడనక్కర్లేదు, ఎవరు ఎందుకు తెచ్చారన్నది మాత్రం కనుక్కోండి. చేతిలోని వేణువు విడిగా వెండితో చేయించి ఉంటారు. పండగలకు పెట్టి తీసేవారు కాబట్టి పోయి ఉంటుంది. అది అంగలోపం కిందకు రాదు.

వాల్తేరు_టీచరమ్మ:

అందరికీ కృతజ్ఞతలు. పొట్లాలు తెప్పించి పెట్టెలో ఉంచాను, కళాకర్షణకు మాట్లాడుతున్నాను.

నిన్న ఊళ్లో మా పెదనాన్న గారికి ఫోను చేశాను. ఆయన చెప్పింది విని కాసేపు మాట రాలేదు. మా ముత్తాత గారు ఊరి వేణుగోపాలస్వామి గుడికి ధర్మకర్త అట. ఒక గాలివానకు మండపం కూలితే, మళ్లీ కట్టేదాకా అని మూర్తిని ఇంటికి తెచ్చారట. గుడి కట్టడానికి ఒక తరం పట్టింది. కొత్త గుడికి ఊరివాళ్లు స్వామిమలై నుంచి కొత్త ఉత్సవ విగ్రహం తెప్పించుకున్నారు. పాతది అడిగినవారు లేరు, ఇచ్చినవారు లేరు. బావ గారేమో "అడగనిది మనదే" అంటున్నారు.

బీచ్‌రోడ్_మ్యూజియం_విద్యార్థి:

అక్కా, నేను మ్యూజియం శాస్త్రం చదువుతున్నాను. చట్టం వైపు నుంచి రాస్తాను. మీ బావ గారికి చదివి వినిపించండి.

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన లోహ శిల్పం పురావస్తువు. ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు, కానీ పురావస్తు శాఖ రిజిస్టరింగ్ అధికారి దగ్గర ఫొటోలతో నమోదు చేయించాలి. చేతులు మారితే తెలియజేయాలి. వీటి వ్యాపారానికి లైసెన్సు కావాలి. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషేధం, పట్టుబడితే జైలు. ఇంటికి వచ్చి నగదు ఇచ్చి పట్టుకుపోతానన్నవాడు ఈ మాటలేవీ ఎత్తడు, గమనించండి.

గుడి ఆస్తి అని తేలితే లెక్క ఇంకా వేరు. మన దేశంలో ప్రతిష్ఠించిన దేవుడు చట్టం దృష్టిలో వ్యక్తి, ఆయన పేరున ఆస్తి ఉంటుంది, ఆయన పేరున దావా పడుతుంది. తమిళనాడులోని పత్తూరులో 1976లో ఒక కూలీ తవ్వుతుండగా నటరాజ విగ్రహం బయటపడింది. అది చేతులు మారి లండన్ చేరింది. గుడి శిథిలమై పూజలు లేవు, అయినా గుడి తరఫున అక్కడి కోర్టులో వాదించి గెలిచారు. 1991లో అప్పీలు కోర్టు కూడా సమర్థించింది. విగ్రహానికి అంటిన మట్టి, చెదల ఆనవాళ్లు కూడా సాక్ష్యంలోకి వచ్చాయి. అదే శుభ్రంగా మెరుగు పెట్టి ఉంటే ఆ ఆనవాళ్లు ఉండేవా?

ఫొటో విలువ మరో కేసులో తెలుస్తుంది. అరియలూరు జిల్లా శ్రీపురందాన్ గుడిలో దొంగిలించిన నటరాజును ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ 2008లో యాభై లక్షల అమెరికన్ డాలర్లకు కొన్నది. అంతకు చాలా ముందే పుదుచ్చేరిలోని ఫ్రెంచి పరిశోధన సంస్థ ఆ గుడి విగ్రహాలను ఫొటోలు తీసి భద్రపరిచింది. వాటితో పోల్చడం వల్లే దొంగసొత్తు అని రుజువైంది, 2014లో స్వామి తిరిగి వచ్చాడు. కాబట్టి ఇవాళే అన్ని వైపులా, పీఠం అడుగుతో సహా, పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయండి.

తంజావూరులో రాజరాజు ఈ పని వెయ్యేళ్ల కిందటే చేశాడు. తానూ, అక్క కుందవై, రాణులు, అధికారులు ఇచ్చిన లోహ విగ్రహాల ఎత్తు మూరల్లో, వేలి వెడల్పుల్లో, ఎన్ని చేతులు, ఘనమా డొల్లా, ఏ నగ ఎంత తూకం అని గోడల మీద చెక్కించాడు. వాటిలో చాలా విగ్రహాలు ఇప్పుడు లేవు, కొలతలు మాత్రం రాతిలో ఉన్నాయి. మీ ఊరి గుడికి కూడా దేవాదాయ శాఖ ఆస్తుల రిజిస్టరు ఉండాలి. పాతదాంట్లో "లోహ విగ్రహం, వేణుగోపాలస్వామి" అన్న పంక్తి ఉందేమో చూడండి.

పోతశాల_విశ్రాంతి:

కుర్రవాడు బాగా రాశాడు. అర్చకుల వారి మాటకు అడ్డు చెప్పను, కలశానికి నైవేద్యం పెట్టినా పెట్టె మూత మాత్రం తీయకండి.

ఎప్పటి విగ్రహమో తేల్చడానికి చేతిలో పట్టుకునే ఎక్స్‌రే యంత్రంతో గీత పడకుండా లోహం చూడవచ్చు. అది పై పొరనే చదువుతుంది కాబట్టి ఒక్క చోట చూసి ఊరుకోకూడదు, పీఠం అడుగున కూడా చూడమనండి. జింకు బాగా ఎక్కువ కనిపిస్తే ఇత్తడి అన్నమాట, అప్పుడు ఇటీవలి శతాబ్దాలదయ్యే అవకాశం ఎక్కువ. అదైనా ఒక్కటే రుజువు కాదు.

అంతకంటే ముందు ఖర్చు లేని పని ఒకటి. పాత గుడి వాహనాలు ఏమైనా మిగిలాయా అని పెదనాన్న గారిని అడగండి. కొయ్య గరుడుడో, పల్లకి పలకో, పుచ్చిపోయినదైనా సరే. పీఠాన్ని బిగించడానికి దానిలో రంధ్రాలు ఉంటాయి. మీ విగ్రహం చెవుల మధ్య దూరం, రంధ్రం వెడల్పు, వెనుక గాడుల మధ్య దూరం మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. టేపుతో కాదు, హార్డ్‌వేర్ కొట్లో దొరికే వెర్నియర్ కొలబద్దతో. ప్లాస్టిక్‌ది కొనండి, ఇనుపది గీతలు పెడుతుంది.

వాల్తేరు_టీచరమ్మ:

గుడి వెనుక గదిలో గరుడ వాహనం ఉందట, ఒక రెక్క లేదట. ఆదివారం వెళుతున్నాను. కొలతలు తీసుకుని వచ్చి ఇక్కడే పెడతాను.

పోతశాల_విశ్రాంతి:

వాహనం మీద మైనమో రంగో గట్టిగా పేరుకుని ఉంటే రంధ్రాలు చిన్నవిగా కనిపిస్తాయి. గీకకండి, లోపలి అంచు వరకు కొలవండి. విరిగిన చెవి ముక్క ఆ రంధ్రంలోనే ఇరుక్కుని ఉందేమో టార్చి వేసి చూడండి. బావ గారిని వెంట తీసుకెళ్లకండి.